షెరీఫ్ అంటే ఎస్సై కాదు

సంపాదకులకు,

అమెరికా క్రైమ్ థ్రిల్లర్లను తెలుగు చేసేటప్పుడు షెరీఫ్‌ను ‘ఎస్సై’ అని రాస్తే కథ వెన్నే విరిగిపోతుంది. ఎస్సైని పైఅధికారి బదిలీ చేయగలడు. షెరీఫ్‌ను అలా కదపలేరు. ఎక్కువ రాష్ట్రాల్లో అతన్ని కౌంటీ (మన జిల్లా లాంటిది) ఓటర్లే, సాధారణంగా 4 ఏళ్లకోసారి ఎన్నుకుంటారు. తనకు ఓట్లు వేయించిన పెద్దమనిషి కొడుకునే అరెస్టు చేయాల్సి వస్తే? ఉత్కంఠంతా అక్కడే పుడుతుంది.

పట్టణ పోలీస్ చీఫ్ వేరు. అతన్ని సాధారణంగా మేయరో, కౌన్సిలో నియమిస్తారు. షెరీఫ్‌కు దర్యాప్తుతో పాటు చాలాచోట్ల కౌంటీ జైలు, కోర్టు సమన్లు, ఇళ్లు ఖాళీ చేయించడం కూడా తప్పవు. చిన్న కౌంటీలో డిప్యూటీలు, అంటే షెరీఫ్ కింద పనిచేసే అధికారులు, కొద్దిమందే కాబట్టి అతను అర్ధరాత్రి హత్యాస్థలికి ఒంటరిగా వెళ్లడం అతిశయోక్తి కాదు.

అనువాదకులు దయచేసి ‘షెరీఫ్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘ఓట్లతో గెలిచిన కౌంటీ పోలీసు అధికారి’ అని చేర్చాలి.

– ఒక పాఠకుడు