వేళ్ళు ఆడినంత మాత్రాన

ఒరే శీనూ,

మీ చింటూగాడి ముంజేతికి బకిల్ ఫ్రాక్చర్, అంటే ఎముక తెగకుండా నలిగి ఉబ్బడం, అని తేలిందన్నావు. హమ్మయ్య! విరిగినవాటిలో అంతకంటే సులువైంది లేదు. ఫోన్లో నువ్వడిగిన ప్రశ్నకి తీరిగ్గా జవాబు రాస్తానన్నానుగా, కూర్చున్నా. "వేళ్ళు ఆడిస్తున్నాడు కదరా, విరిగిందని ఎలా అనుకుంటాం?" అన్నావు. అందరూ అదే అంటారు. మా ఎక్స్‌రే గదికి వేళ్ళన్నీ ఆడిస్తూ, బిస్కెట్ తింటూ వచ్చిన పిల్లల ఫిల్ముల్లో ఎముక విరిగినట్టు కనిపిస్తూనే ఉంటుంది. వేళ్ళని లాగేవి కండరాలు. ఎముక చిట్లినా వాటి పని అవి చేసుకుపోతాయి.

ముంజేతిలో బొటనవేలి వైపు రేడియస్, చిటికెనవేలి వైపు అల్నా ఉంటాయి. పిల్లల ఎముక మెత్తన, పైనుండే పొర మందం. అందుకే మనకి ఫట్టున విరిగేచోట వాళ్ళకి చాలాసార్లు నలిగో వంగో ఊరుకుంటుంది. మీవాడికి మణికట్టుకి కాస్త పైన ఎముక నొక్కుకుని పక్కకి ఉబ్బిందంతే. వంకరుండదు, వాపూ అంతంతే. ఆ ఒక్కచోట నొక్కితే మాత్రం చెయ్యి లాక్కుంటారు. బెణుకని జండూబామ్ రాసి వదిలేసేది ఎక్కువగా దీన్నే. బ్రిటన్‌లో ఇలాంటి పిల్లల్ని 965 మందిని చూసి 2022లో ఫలితాలు వేశారు. మెత్తటి కట్టు కట్టినా, చెయ్యి కదలకుండా పట్టే గట్టి స్ప్లింట్ వేసినా మూడోరోజుకి నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదట. కాబట్టి పెద్ద సిమెంట్ కట్టు వెయ్యలేదేమని డాక్టర్‌తో పోట్లాడకు.

గ్రీన్‌స్టిక్ ఫ్రాక్చర్ వేరు. పచ్చి వేపపుల్లని వంచితే ఒకవైపు చీలి రెండోవైపు పట్టుకునే ఉంటుందే, అలా. చెయ్యి కాస్త వంపు తిరుగుతుంది. కట్టు లోపల కూడా మళ్ళీ వంగే బుద్ధి దానికుంది. అందుకే వారానికి మళ్ళీ ఫిల్ము తీయించమంటారు, డబ్బు గుంజడానికి కాదు.

నాకు దడ పుట్టించేది మాంటెగ్గియా ఫ్రాక్చర్. మిలాన్‌కి చెందిన ఆ పేరుగల సర్జన్ 1814లోనే, అంటే ఎక్స్‌రే పుట్టడానికి ఎనభై ఏళ్ళ ముందే, దీన్ని వర్ణించాడు. అల్నా విరుగుతుంది, దాంతోపాటు మోచేతి దగ్గర రేడియస్ తల కీలు తప్పుతుంది. అందరి చూపూ విరిగినచోటే ఉంటుంది, మోచెయ్యి ఎవరికీ పట్టదు. వారాలు గడిచాక తెలిస్తే సరిచెయ్యడం కష్టం. అందుకే ముంజేతి ఫిల్ములో మణికట్టూ మోచెయ్యీ రెండూ పడాలి, రెండు కోణాల్లో తియ్యాలి. లేకపోతే మొహమాటపడకుండా అడుగు.

ఇంకోటి, పిల్లల ఫిల్ములో ఎముక చివర నల్లగీత కనిపిస్తే కంగారుపడకు. అది ఎదుగుదల పలక, అందరికీ ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే మాత్రం "సాల్టర్-హారిస్" అని రాసి ఒక నంబరు వేస్తారు. రేడియస్ పొడవులో సుమారు ముప్పాతిక వంతు మణికట్టు వైపు పలక నుంచే వస్తుంది కాబట్టి, ఆ మాట కనబడితే కట్టు విప్పాక కూడా కొన్నాళ్ళు చూపించుకోవాలి.

మళ్ళీ ఎవడైనా గోడ దూకితే ముందు కడియం, కాశీతాడు తీసెయ్, వాచాక రావు. అట్టముక్క ఆనించి తువ్వాలుతో మెడకి వేలాడదియ్యి. చెయ్యి వంకరగా ఉంటే మత్తిచ్చి సరిచెయ్యాల్సి రావచ్చు, ఏమీ తినిపించకు. విరిగినచోట గాయమై రక్తం కారుతుంటే చిన్నదైనా సరే, వెంటనే ఆస్పత్రికే.

మీ మామయ్య పుత్తూరు కట్టు అంటున్నాడన్నావు. నేను వాదనకి రాను, ముందు ఫిల్ము అంటానంతే. ఎవరు కట్టినా బిగువు మాత్రం చూసుకో. వేళ్ళు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, మనం వాడి వేళ్ళు చాపితే వాడు కేకపెట్టినా అర్ధరాత్రయినా సరే పరిగెత్తు. తెల్లారనీ అనకు. లోపల ఒత్తిడి పెరిగితే కండరం చచ్చిపోవడానికి కొన్ని గంటలు చాలు.

చిన్నదాన్ని ఒంటిచేత్తో గుంజి ఎత్తే అలవాటు మానావా? ఆ వయసులో మోచెయ్యి ఇట్టే జారుతుంది. వాపుండదు, చెయ్యి వేలాడేసుకుని ఏడుస్తుంది. డాక్టరు క్షణంలో సరిచేస్తాడు గానీ నువ్వు ప్రయత్నించకు.

చింటూగాడి కట్టు విప్పాక ఫోన్ చెయ్యి. క్రికెట్ ఎప్పటినుంచి ఆడొచ్చో వాడే అడగాలట డాక్టర్ని, నిన్ను నమ్మడట.

నీ
రాంబాబు