నీ నవ్వు 2,400 బిట్లలో పట్టలేదురా

ఒరేయ్ బండోడా,

లేటయింది, తెలుసు, నాలుగు తిట్టుకుని అప్పుడు చదువు. ఇక్కడ అందరూ బానే ఉన్నారు, అమ్మ మోకాలు పర్లేదు, జీతం ఎప్పట్లాగే రాకముందే అయిపోతోంది, అంతే, వార్తలు సమాప్తం. అసలు సంగతి చెప్పకపోతే నాకు కడుపుబ్బరం వచ్చేలా ఉంది.

నీ పాత వాయిస్ మెసేజ్ ఒకటుంది కదా, "పెన్నుల దొంగ" కేసు సగం చెప్పి నవ్వాపుకోలేక పడిపోయావే, దాన్ని ఎల్పీసీ-10లో వేసి విన్నా. 1984లో అమెరికా ప్రభుత్వం సీక్రెట్ ఫోన్ల కోసం స్టాండర్డ్ చేసిన కోడెక్ (గొంతుని అంకెలుగా కుదించి, అవతల మళ్లీ గొంతు చేసే పద్ధతి) అది. మామూలు డిజిటల్ ఫోన్‌లో గొంతుకి సెకనుకి 64,000 బిట్లు పోతాయి, దీనికి 2,400 చాలు. ఎలా అంటే, అది నీ గొంతుని పంపనే పంపదురా! 22.5 మిల్లీసెకన్లకోసారి నీ నోరు ఏ షేపులో ఉంది, శ్రుతి ఎంత, గట్టిగా అన్నావా మెల్లగానా, ఇంతే 54 బిట్లలో రాసి పంపేస్తుంది, అందులో 41 నోటి షేపుకే, అవతల పెట్టె అది చూసుకుని కొత్తగా ఒక గొంతు పుట్టిస్తుంది. అంటే వినేవాడికి దక్కేది నీ మిమిక్రీ.

మాటలన్నీ అర్థమయ్యాయి, ముక్కు మూసుకుని మాట్లాడే రోబోలా ఉన్నావు, "స"కీ "ఫ"కీ కాస్త తికమక, అంతే. నవ్వు దగ్గరకొచ్చేసరికి చచ్చింది. ప్రతి ముక్కకీ దానికి ఒకటే ప్రశ్న, గొంతు మోగుతోందా, ఒట్టి గాలేనా, మూడో ఆప్షన్ లేదు. నీ నవ్వులో గురకా ఈలా కలిసే వస్తాయి కదా (ఆ రోజు లైబ్రరీలో మనల్ని గెంటించింది అదేగా), అది ఒక ముక్క అటు ఒక ముక్క ఇటు వేసి "గర్ ష్ గర్ ష్" అని ఏదో చేసింది, నేను కుర్చీలోంచి పడ్డా. 1990ల్లో వచ్చిన మెల్ప్ అనే ఇంకో కోడెక్‌కి కూడా సెకనుకి అదే 2,400, కానీ అది మోతనీ గాలినీ కలపనిస్తుంది, దాంట్లో కొంచెం మనిషిలానే నవ్వావు.

ఇంత పిసినారితనం ఎందుకంటావా, గొంతుని అంకెలు చేస్తేనే గట్టి తాళం (అంటే వేరేవాళ్లు వినకుండా రహస్య కోడ్) పడుతుంది, కుదించకుండా అంకెలు చేస్తే అన్ని బిట్లు లైన్ మోయలేదు. ముందు తాళం వేసి తర్వాత కుదిద్దామంటే కుదరదు, తాళం పడ్డాక అదంతా ఒట్టి రొద, రొదని ఎవడూ కుదించలేడు. రెండో ప్రపంచ యుద్ధంలో రూజ్‌వెల్ట్, చర్చిల్ ఫోన్లకి వాడిన పాత స్క్రాంబ్లర్ (గొంతుని కలగాపులగం చేసే పెట్టె) ఉండేది, దాన్ని జర్మన్ తపాలా శాఖ వాళ్లు విప్పి కూర్చుని వినేవాళ్లు, తపాలా శాఖరా! అప్పుడు అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే ఫోన్ పరిశోధనశాల వాళ్లు, హోమర్ డడ్లీ చేసిన వోకోడర్ (గొంతుని కొలిచి, ఆ కొలతల నుంచి మళ్లీ గొంతు పుట్టించే యంత్రం) ఆధారంగా సిగ్‌సాలీ అనే రహస్య ఫోన్ మెషిన్ కట్టారు, 55 టన్నులు, ఒక ఫోన్ కాల్ కోసం. గొంతుని 10 బ్యాండ్లుగా విడదీసి, సెకనుకి 50 సార్లు కొలిచి, ప్రతి కొలతనీ 6 మెట్లలో ఒకదానికి సర్దేసేవాళ్లు. తాళంచెవి ఏంటో తెలుసా, గ్రామఫోన్ రికార్డు. పాటా మాటా లేవు, మొత్తం రొదే, రెండే కాపీలు, ఇక్కడొకటి అక్కడొకటి, రెండూ ఒకే క్షణాన తిరగాలి, కాల్ అయ్యాక నాశనం చేసెయ్యాలి. 1943 జూలైలో మొదలైంది, లండన్ మెషిన్ సెల్ఫ్రిడ్జెస్ అనే షాపు కింద బేస్‌మెంట్‌లో ఉండేది. పైన జనం గౌన్లు బేరం చేస్తుంటే కింద యుద్ధం... సర్లే.

ఇంకోటి భయమేసింది. తాళం వేసినా లీకవుతుంది. మాటని బట్టి బిట్లు పెంచీ తగ్గించే కోడెక్‌లు ఉన్నాయి కదా, వాటిలో గొంతు ముక్కలు ముక్కలుగా వెళ్లే ప్యాకెట్ల సైజులు చూసి ఏ వాక్యం అన్నావో పసిగట్టొచ్చని 2008లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్లు చూపించారు, అందుకే ఈ ముసలి ఎల్పీసీ లాగా ఎప్పుడూ అదే 54 ఉంటే, నువ్వు అరిచినా గొణిగినా బయటికి ఒకటే సైజు...

అబ్బా పిలుస్తున్నారు, వెళ్లాలి. అసలు అలన్ ట్యూరింగ్ (జర్మన్ కోడ్‌లు విప్పిన బ్రిటిష్ లెక్కల మేధావి) 1943లో బెల్ ల్యాబ్స్‌కి వెళ్లి ఇదంతా చూసొచ్చి సొంతంగా డెలైలా అని గొంతుకి తాళం వేసే చిన్న పెట్టె కట్టాడు, దాని కథ సిగ్‌సాలీ కంటే