తమిళ సినిమా కింద తెలుగు అక్షరాలు ఎందుకు ఉండకూడదు?

సంపాదకులకు నమస్కారం.

పొరుగు భాషల సినిమాలు మన థియేటర్లలో అసలు గొంతుతోనే ఆడుతున్నప్పుడు వాటి కింద వచ్చే సబ్‌టైటిల్స్ మాత్రం ఇంగ్లిష్‌లోనే ఎందుకు ఉంటున్నాయన్న విషయాన్ని మీ పత్రిక ద్వారా పంపిణీదారుల దృష్టికి, థియేటర్ యాజమాన్యాల దృష్టికి, రెండు రాష్ట్ర ప్రభుత్వాల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. 2018 అక్టోబరులో తమిళ చిత్రం '96' విడుదలైనప్పుడు మా అమ్మను వెంటబెట్టుకుని హైదరాబాద్‌లో ఒక మల్టీప్లెక్స్‌కు వెళ్లిన రోజు నుంచి ఈ ఆలోచన నన్ను వదలలేదు.

అప్పటిదాకా ఛాయాగ్రాహకుడిగా పేరున్న సి.ప్రేమ్ కుమార్‌కు దర్శకుడిగా అది మొదటి సినిమా. తంజావూరులో ఒక బడిలో చదివిన 1996 బ్యాచ్ వాళ్లు ఇరవై ఏళ్లు దాటాక చెన్నైలో కలుసుకుంటారు. పదో తరగతిలో ఒకరినొకరు ఇష్టపడి, ఆ మాట చెప్పుకోకుండానే దూరమైన రామచంద్రన్, జానకీదేవి అక్కడ మళ్లీ ఎదురుపడతారు. అతను పెళ్లి చేసుకోలేదు. ఆమె సింగపూర్‌లో కాపురం ఉంటోంది, తెల్లవారితే విమానం ఎక్కాలి. విజయ్ సేతుపతి, త్రిష ఆ ఒక్క రాత్రిని నడుస్తూ, కార్లో తిరుగుతూ, మాట్లాడుకుంటూ, మాట ఆపేస్తూ గడుపుతారు. ఫైట్లు లేవు, ప్రతినాయకుడు లేడు. ఉన్నదంతా మాట, మాటకూ మాటకూ మధ్య ఉన్న మౌనం. అలాంటి సినిమాలో ఒక్క వాక్యం అందకపోయినా కథలో కొంత జారిపోతుంది.

మా అమ్మకు ఇంగ్లిష్ రాదు. తెలుగు మాత్రం తీరిక దొరికితే చదువుతూనే ఉంటుంది, మీ పత్రికను మొదటి పేజీ నుంచి చిట్టచివరి ప్రకటన దాకా వదలదు. ఆ రోజు ఆమె ప్రతి రెండు నిమిషాలకూ నా చెవి దగ్గరకు వంగి "ఏమన్నాడే?" అని అడిగేది. నేను గుసగుసగా చెప్పేలోపు తెర మీద మరో మాట వచ్చేసేది. ముందు వరుసలో ఒకాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆయనది తప్పని అనను. విశ్రాంతి తర్వాత అమ్మ అడగడం మానేసింది, అర్థమై కాదు, నలుగురిలో నన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక.

ఒక్క చోట మాత్రం ఆమెకు నా సాయం అక్కర్లేకపోయింది. చిన్నప్పటి నుంచి రామ్ ఎన్నిసార్లు అడిగినా జాను పాడని ఒక పాట ఉంది. అతని ఇంట్లో కరెంటు పోయిన చీకట్లో ఆమె దాన్ని ఎత్తుకుంటుంది, అతను వెలుతురు కోసం కంగారుగా పరుగెత్తుతాడు. ఆ పాటే తెలుగు 'దళపతి'లో 'యమునా తటిలో'. అమ్మ సీటులో నిటారుగా కూర్చుని పెదవులు కదిపింది. కథానాయిక పేరు కూడా గాయని ఎస్.జానకి గారిదే. 1938లో రేపల్లె దగ్గర పల్లపట్లలో పుట్టిన మన జానకమ్మను తమిళులు అంతగా తమ మనిషిని చేసుకున్నారు. ఆమె స్వయంగా కనిపించిన సన్నివేశం ఒకటి నిడివి కోసం తీసేసి తర్వాత విడిగా విడుదల చేశారు. రేపల్లె పక్క ఊరి ఆడపడుచైన మా అమ్మకు ఈ సంగతులన్నీ ఇంటికొచ్చాక చెప్పాను. సినిమా నడుస్తుండగా తెలిసి ఉంటే ఆ ఆనందమే వేరు.

డబ్బింగ్‌కు నేను వ్యతిరేకిని కాను. ఆ పాట అమ్మకు తెలిసింది డబ్బింగ్ పుణ్యాన్నే. అయితే కొత్త దర్శకుడు తీసిన చిన్న ప్రేమకథకు డబ్బింగ్ ఖర్చు పెట్టడానికి అందరూ ముందుకు రారు. ఇక రీమేక్ సంగతి. ఇదే దర్శకుడు ఇదే కథను సమంత, శర్వానంద్‌లతో 'జాను'గా తీస్తే 2020 ఫిబ్రవరి 7న విడుదలై ఎక్కువ రోజులు ఆడలేదు. నటీనటుల లోపమేమీ నాకు కనిపించలేదు. ఒకసారి విజయ్ సేతుపతి, త్రిషలతో చూసిన కథను మరొకరితో మొదటి నుంచి చూడడానికి మనసొప్పని వాళ్లు చాలామంది ఉన్నారని మాత్రం మా వీధిలో మాటలను బట్టే తెలిసింది.

ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఆ భాష వచ్చినవాళ్లకు కూడా ఈ సినిమాను పూర్తిగా అందించవు. తమిళంలో 'నీ', 'నీంగ' అన్న తేడా ఉంది, చనువుగా పిలిచే 'డా', 'డీ' ఉన్నాయి. ఇంగ్లిష్‌లో ఇవన్నీ 'యూ' అనే ఒక్క మాటలో కలిసిపోతాయి. మనకు 'నువ్వు', 'మీరు', 'రా', 'వే' ఉండనే ఉన్నాయి. ఎన్నో ఏళ్ల తర్వాత ఎదురుపడిన ఇద్దరు ఏ పిలుపుతో మొదలుపెట్టారు, ఏ క్షణంలో పాత చనువులోకి జారారు అన్నది తెలుగు అక్షరాల్లో రాస్తే ఇట్టే తెలిసిపోతుంది.

పరభాషా చిత్రం మూల భాషలోనే ఆదరణ పొందడం దక్షిణాదికి కొత్త కాదు. విశాఖ తీరంలో తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి ప్రేమకథగా 1978లో వచ్చిన 'మరో చరిత్ర' మద్రాసులో తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది. అప్పటి ప్రేక్షకులు అంత చేరువైతే, డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చి, బొమ్మను ముట్టుకోకుండా సబ్‌టైటిల్స్ ఫైలును మాత్రమే మార్చుకునే వీలున్న ఈ రోజుల్లో మనం తెలుగు చదవగలిగిన వాళ్లకు తలుపు మూస్తున్నాం.

అందువల్ల అసలు భాషలో ఆడే పొరుగు చిత్రాలకు రోజుకు ఒక్క ఆటైనా తెలుగు సబ్‌టైటిల్స్‌తో వేయాలని పంపిణీదారులను కోరుతున్నాను. తొలి దర్శకుల చిత్రాలకు ఆ రాత ఖర్చును రెండు రాష్ట్రాల చలనచిత్ర అభివృద్ధి సంస్థలు భరించాలి. అది సినిమా తెలిసిన మంచి తెలుగు రచయితలకు ఇవ్వాల్సిన పని, యంత్రానికి అప్పగించి చేతులు దులుపుకునేది కాదు. వినికిడి లోపం ఉన్నవారికి, చూపు లేనివారికి థియేటర్లలో సదుపాయాలు ఉండాలని కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. తెలుగు మాధ్యమంలో చదువుకున్న బధిరులకు తెర మీద ఇంగ్లిష్ అక్షరాలు ఎంతవరకు అక్కరకొస్తాయో కూడా ఈ సందర్భంలోనే ఆలోచించాలి.

మీ పత్రికకు ఒక చిన్న మనవి. 'ఈ రోజు సినిమాలు' శీర్షికలో పరభాషా చిత్రం పేరు పక్కన సబ్‌టైటిల్స్ ఏ భాషలో ఉన్నాయో కూడా వేయండి. టికెట్లు అమ్మే యాప్‌లలో ఆ వివరం కోసం నేను వెతుక్కోవాల్సి వస్తోంది, మా అమ్మకైతే ఆ యాప్‌లే తెలియవు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హైదరాబాద్