అసోసియేషన్ లెక్కల తాళం ఎవరి దగ్గర ఉంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి రెండేళ్లుగా ట్రెజరర్‌గా ఉన్నాను. మెయింటెనెన్స్ వసూలు దగ్గర్నుంచి మీటింగ్ నోటీసు దాకా ఇప్పుడు అసోసియేషన్ పనంతా ఫోన్లోకి వచ్చేసింది. అది మంచిదే, రసీదు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగిన దాన్ని కాబట్టి ఆ సుఖం నాకు బాగా తెలుసు. కానీ ఆ లెక్కలు, ఆ కాగితాలు, ఆ లాగిన్‌లు ఎవరి పేరు మీద ఉన్నాయో ఎవరూ అడగడం లేదు, దాని గురించే ఈ ఉత్తరం.

మాకు జరిగింది చెబుతాను. మా పాత సెక్రటరీ గారు ఫ్లాట్ అమ్మేసి వేరే ఊరు వెళ్లిపోయారు. నిజాయితీపరులు, లెక్కలో చిన్న తేడా కూడా రానిచ్చేవారు కాదు, జమాఖర్చులన్నీ గూగుల్ షీట్లో శ్రద్ధగా రాసి పెట్టారు. కాకపోతే ఆ షీట్ ఆయన సొంత ఈమెయిల్లో ఉంది. లిఫ్ట్ కాంట్రాక్టు, మోటారు వారంటీ కాగితం, బాకీల జాబితా, అన్నీ అక్కడే. మెయింటెనెన్స్ యాప్‌లో అడ్మిన్‌గా ఉన్నది కూడా ఆయన నంబరే, మేం లాగిన్ అవుదామంటే ఓటీపీ ఆయనకి వెళ్తుంది. లిఫ్ట్ ఆగిపోయిన రోజు కాంట్రాక్టు ఇంకా ఉందో అయిపోయిందో చూసుకుందామంటే ఆయన ప్రయాణంలో ఉన్నారు, ఫోన్ కలవలేదు. ఆ రెండు రోజులూ పై అంతస్తులో మోకాళ్ల నొప్పులతో ఉన్న పెద్దావిడ గడప దాటలేకపోయారు. తప్పు ఆయనదని నేను అనను. ఆయన దిగిపోయేటప్పుడు తాళంచెవులు, స్టాంపు, చెక్కు బుక్కు లెక్కపెట్టి తీసుకున్నాం కానీ పాస్‌వర్డ్ సంగతి మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

అందుకే మొదట చేయాల్సింది అసోసియేషన్ పేరు మీద విడిగా ఒక ఈమెయిల్ తెరవడం. షీట్లు, స్కాన్‌లు, యాప్ అడ్మిన్ లాగిన్, అన్నీ దాని కింద ఉండాలి. దానికి రెండంచెల భద్రత, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కి వచ్చే కోడ్ కూడా అడిగే ఏర్పాటు, పెట్టుకుంటే గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఫోన్ చేతిలో లేకపోయినా పాస్‌వర్డ్‌తో పాటు వాటిలో ఒకటి కొడితే లోపలికి వెళ్లొచ్చు. వాటిని కాగితం మీద ప్రింట్ తీసి కవరులో పెట్టి, సీలు వేసి ఆఫీసు బీరువాలో ఉంచండి. ఇంకో సంగతి, గూగుల్ 2023లో ఒక నియమం తెచ్చింది. రెండేళ్ల పాటు అసలు వాడని వ్యక్తిగత ఖాతాలను లోపలి ఫైళ్లతో సహా తీసేయవచ్చు, ఆ ఏడాది డిసెంబరు నుంచి అది అమల్లో ఉంది. పాత సెక్రటరీ వాడటం మానేసిన ఈమెయిల్లో మీ పాత లెక్కలు పడి ఉంటే ఇవాళే అడిగి తెచ్చుకోండి.

యాప్ కొనేటప్పుడు కూడా వాళ్లు చూపించే రంగురంగుల బొమ్మల కంటే ముందు ఒక ప్రశ్న అడగాలి. మా డేటా అంతా మేమే ఎక్సెల్‌లోకి దించుకోవచ్చా? కుదరదంటే ఆ యాప్ ఎంత బాగున్నా వద్దు, రేపు ఆ కంపెనీ మూతపడినా, రేటు పెంచినా మన చేతిలో ఏమీ మిగలదు. కుదురుతుందంటే ప్రతి నెలాఖరుకీ దించి దాచుకోవాలి. యాప్‌లో కనిపించే జమని బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చి చూడాలి, కమిటీలో లేని ఒకరు ఆ పని చేస్తే ఇంకా మంచిది.

ఇక వాట్సాప్. కబురు చెప్పడానికి అంతకన్నా తేలికైంది లేదు, రేపు ట్యాంకు కడుగుతున్నాం, నీళ్లు రావు అని నిమిషంలో అందరికీ తెలుస్తుంది. అయితే దాన్నే మినిట్స్ పుస్తకంలా, అంటే మీటింగ్ నిర్ణయాలు రాసుకునే పుస్తకంలా వాడేస్తున్నారు, అక్కడే నా గొడవ. పంపిన మెసేజ్‌ని పదిహేను నిమిషాల్లోపు మార్చొచ్చు, రెండు రోజులు దాటాక కూడా అందరి ఫోన్లలోంచి తీసేయొచ్చు, గ్రూపు అడ్మిన్ అయితే ఎవరి మెసేజ్‌నైనా తీసేయగలరు. అలాంటి చోట గ్రూపులో ఒప్పుకున్నారు కదా అంటే రుజువేముంది? తీర్మానం మినిట్స్‌లోకి ఎక్కాలి, సంతకాలు పడాలి, దాని స్కాన్ అసోసియేషన్ ఫోల్డర్లో ఉండాలి.

పోల్ పెట్టి ఓటింగ్ అయిపోయిందనడం ఇంకా పెద్ద పొరపాటు. మా గ్రూపులో కొన్ని ఇళ్ల నుంచి భార్యాభర్తలిద్దరూ ఉన్నారు, అద్దెకున్న వాళ్లున్నారు, వేరే చోట ఉండే యజమానులు కొందరు అసలు లేనే లేరు. పోల్ మనుషుల్ని లెక్కపెడుతుంది, మనకి కావాల్సింది ఇంటికో ఓటు. పైగా వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి వేశారో మామూలుగా గ్రూపందరికీ కనిపిస్తుంది. పక్కింటాయనకి వ్యతిరేకంగా ఓటు వేసి పొద్దున్నే లిఫ్ట్‌లో ఆయన ముఖం చూడాలంటే ఎవరికైనా ఇబ్బందే కదా, దాంతో చాలామంది నోరు మూసుకుంటారు. అభిప్రాయం తెలుసుకోవడానికి పోల్ పెట్టండి, కమిటీ ఎన్నికకీ పెద్ద ఖర్చుకీ మాత్రం జనరల్ బాడీ పిలవండి.

బాకీ ఉన్న వాళ్ల పేర్లు గ్రూపులో పెట్టే అలవాటు కూడా మానాలి. మా దగ్గర ఒకసారి అలా పెట్టారు. ఆ ఇంట్లో ఆస్పత్రి ఖర్చులు నడుస్తున్నాయని మాకు తర్వాత తెలిసింది, ఆ కుటుంబం మళ్లీ ఒక్క మీటింగ్‌కి కూడా రాలేదు. యాప్ నుంచి వాళ్లకి మాత్రమే రిమైండర్ వెళ్లే వీలున్నప్పుడు అందరి ముందూ పెట్టడం ఎందుకు? గేటు దగ్గర వచ్చేపోయే వాళ్ల ఫొటోలు, నంబర్లు తీసుకుంటున్న వాళ్లు కూడా అవి ఎన్నాళ్లు ఉంచుతారో, ఎవరు చూడొచ్చో ముందే రాసుకోవాలి.

అన్నట్టు, స్మార్ట్‌ఫోన్ వాడని పెద్దవాళ్లని మర్చిపోకండి. ప్రతి నోటీసూ బోర్డు మీద కూడా పెట్టండి, కాగితం రసీదు అడిగితే విసుక్కోకుండా ఇవ్వండి. మెయింటెనెన్స్ వాళ్లూ కడుతున్నారు.

మా దగ్గర వచ్చే నెల కొత్త కమిటీ వస్తోంది. ఈసారి తాళంచెవులతో పాటు లాగిన్‌ల జాబితా కూడా సంతకాలు తీసుకుని అప్పగిస్తున్నాను. వాళ్లు నా ఎదురుగానే పాస్‌వర్డ్‌లు మార్చుకుని, అడ్మిన్‌గా ఉన్న నా నంబరు తీసేసేదాకా మీటింగ్ ముగించొద్దని ఇప్పుడే చెప్పి ఉంచాను.

ఇట్లు,
ఒక అసోసియేషన్ ట్రెజరర్