చేతులు విడిపోతే ఏకాగ్రత లేనట్టా?

సంపాదకులకు నమస్కారం.

పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే మా కోనసీమలో కొన్ని ప్రైవేటు స్కూళ్లు హిప్నాటిజం షోలు పెట్టిస్తున్నాయి. మా అమ్మాయి చదివే స్కూల్లో ఈమధ్య జరిగిన షోకి తల్లిదండ్రుల్నీ పిలిచారు. పిల్లలందరినీ వేళ్లు పెనవేసి పట్టుకోమని, "ఇక విడదీయలేరు" అన్నాడు వచ్చినాయన. విడదీయలేకపోయిన పిల్లల్ని స్టేజీ ఎక్కించి, వీళ్లకి ఏకాగ్రత ఎక్కువని చప్పట్లు కొట్టించాడు. చేతులు ఇట్టే విడిపోయిన వాళ్లకి దక్కింది జ్ఞాపకశక్తి క్లాసుల కరపత్రం, కింద ఫీజు వివరాలతో సహా. మా అమ్మాయికి అందిందీ అదే. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

హిప్నాసిస్ బూటకమని నేననను. ఎవరు ఎంతవరకు లోనవుతారో కొలిచే పద్ధతులూ ఉన్నాయి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో వైట్‌జెన్‌హాఫర్, హిల్‌గార్డ్ అనే ఇద్దరు 1959లో ఒక స్కేలు తయారుచేశారు, 1962లో ఇంకొంచెం కఠినమైనది. ముందే రాసిపెట్టిన మాటల్నే అందరికీ ఒకేలా చదువుతారు. చాచిన చెయ్యి బరువెక్కుతోందంటారు, నోట్లో తీపి తగులుతోందంటారు, దోమ వాలిందంటారు. (మా లంకల్లో ఈ దోమ పరీక్ష చెల్లదు లెండి, అది నిజంగానే వాలి ఉంటుంది.) ఇలాంటివి 12, చెప్పినట్టు జరిగితే ఒక్కోదానికి ఒక మార్కు. ఎక్కువమందికి మధ్యస్థంగానే వస్తాయి. ఎక్కువ వచ్చినంత మాత్రాన తెలివైనవాళ్లనీ, తక్కువ వస్తే మందబుద్ధులనీ కాదు. 25 ఏళ్ల తర్వాత అవే మనుషుల్ని పరీక్షిస్తే మార్కులు పెద్దగా మారలేదని 1989లో ప్రచురించారు. అలాంటిదాన్ని పట్టుకుని కోచింగ్ అమ్ముతున్నారు!

హిప్నాసిస్ లోతు, అంటే మనిషి అందులో ఎంతగా మునిగారన్న సంగతి, ఇంకా చిక్కు. చెయ్యి కిందికి దిగడం చూసేవాళ్లకి కనిపిస్తుంది. దానంతటదే దిగిందా, చెప్పారు కదా అని దించారా అన్నది ఆ మనిషికే తెలియాలి. అందుకే పరిశోధకులు "ఇప్పుడు ఎంత లోతులో ఉన్నారు, ఒక అంకె చెప్పండి" అని ఆ మనిషినే అడుగుతారు. స్కూలు స్టేజీ మీద ఆ ప్రశ్నే లేదు. యాపిల్ అని చెప్పి ఉల్లిపాయ చేతికిస్తే ఒకమ్మాయి కొరికింది. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, "తియ్యగా ఉంది సార్" అంటోంది. కిందికి రాగానే పక్కపిల్ల బాటిల్ లాక్కుని గడగడా తాగేసింది. స్కూలంతా చూస్తుంటే, మైకు పట్టుకున్న పెద్దాయన ముందు "ఘాటుగా ఉంది" అనే ధైర్యం తొమ్మిదో తరగతి పిల్లకి ఉంటుందా?

గోదావరి జిల్లాల విద్యాశాఖాధికారులకు నా మనవి. అనుమతి లేకుండా స్కూళ్లలో ఈ షోలు పెట్టనివ్వకండి. పిల్లల మనసుకి పరీక్ష పెట్టాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు చెయ్యాలి, అదీ తల్లిదండ్రులు ఒప్పుకున్నాకే, నలుగురి ముందూ కాకుండా. ఫలితం చెప్పిన చేత్తోనే ఫీజు కాగితం పంచేవాళ్లని గేటు దాటి రానివ్వకూడదు. ఇప్పటికే డబ్బు కట్టిన తల్లిదండ్రులకు తిరిగి ఇప్పించే పూచీ స్కూలు యాజమాన్యాలదే కావాలి.

— ఒక విద్యార్థిని తండ్రి, అంబాజీపేట