నూటికి తొంభై మందిని ఫెయిల్ చేసే పరీక్ష

ఒరేయ్,

ఫైనలియర్ పుణ్యమా అని నీకు జవాబు ఇంత ఆలస్యమైంది. "ఇమ్యునాలజీ, మాలిక్యులర్ మెడిసిన్ అంటే వ్యాక్సిన్లేనా?" అని అడిగావు కదా. ఇమ్యునాలజీ అంటే ఒంటి రక్షణ వ్యవస్థ గురించిన చదువు, వ్యాక్సిన్లు అందులో ఓ మూల. తీరిగ్గా కూర్చో, చెప్తాను.

ఒంట్లోకి ఏ క్రిమి వస్తుందో ముందే తెలియదు. అందుకని మన రక్షణ కణాలు తమ జన్యువుల్లోని ముక్కల్నే కత్తిరించి, అటూఇటూ కలిపి లెక్కలేనన్ని రకాల రిసెప్టర్లు, అంటే క్రిమిని గుర్తుపట్టే కొక్కేలు, తయారుచేసుకుంటాయి. యాంటీబాడీల్లో (క్రిమికి అతుక్కునే ప్రోటీన్లు) ఈ సంగతి తేల్చినందుకే సుసుము తొనెగావాకి 1987లో నోబెల్ వచ్చింది. సరే, ఇలా గుడ్డిగా కలిపితే మన ఒంటి మీదే పడే కణాలూ పుడతాయిగా? నన్ను పట్టుకుని వదలనిది ఈ ప్రశ్నే.

గుండెకు పైన థైమస్ అని ఒక గ్రంథి ఉంటుంది. ఆ రక్షణ కణాల్లో ఒక రకమైన టీ కణాలకు పరీక్ష అక్కడే. నూటికి తొంభైకి పైగా ఆ గడప దాటవు (మా సెమిస్టర్ ఫలితాలే నయం). చాలావరకు పనికిరాక పోతాయి, కొన్ని ప్రమాదకరమని పోతాయి. ఇంకో వింత విను. ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలో కదా, కానీ ఎయిర్ అనే జన్యువు సాయంతో థైమస్ కూడా దాన్ని రవ్వంత తయారుచేసి టీ కణాలకు చూపిస్తుంది. దాని మీద ఎగబడిన కణానికి సాధారణంగా చావే. ఈ జన్యువు చెడిపోయినవాళ్ళలో ఒళ్ళు తన గ్రంథుల మీద తానే దాడి చేస్తుంది.

తప్పించుకు బయటపడ్డవాటిని అదుపు చేయడానికి రెగ్యులేటరీ టీ కణాలున్నాయి. సకగుచి, బ్రంకో, రామ్స్‌డెల్‌లకు 2025 నోబెల్ ఆ పనికే.

ఇక మాలిక్యులర్ మెడిసిన్, అంటే జబ్బునీ మందునీ అణువుల స్థాయిలో చూడటం. టీ కణాల మీద పీడీ-1 అని ఒక బ్రేకు ఉంది. క్యాన్సర్ దాన్ని నొక్కి పట్టుకుని బతికిపోతుంది. ఆ బ్రేకు పడకుండా చేసే మందులు వచ్చాయి, కొందరికి అద్భుతంగా పనిచేశాయి. కానీ అవే మందులు వాడినవాళ్ళలో కొందరికి థైరాయిడ్, పేగు వాస్తున్నాయి. ఆ బ్రేకు ఎందుకుందో ఏ పాఠ్యపుస్తకం కన్నా ఈ సైడ్ ఎఫెక్టే బాగా చెప్తుంది, నన్నడిగితే.

చదువు తీరే మారిపోయిందిరా. ఇప్పుడన్నీ రీసెర్చ్ పేపర్లే. నేనైతే ముందు బొమ్మలు, గ్రాఫులు చూసి, కంట్రోల్స్ (పోల్చి చూడటానికి పెట్టే నమూనాలు) సరిగ్గా పెట్టారో లేదో చూశాకే రచయితల మాటలు చదువుతాను. ఇంటర్‌ల్యూకిన్ల (రక్షణ కణాలు పంపుకునే సంకేతాలు) నంబర్లు బట్టీ పట్టడం మాత్రం శుద్ధ దండగ, అయినా పరీక్షలో అడుగుతారు!

వచ్చే వారం నా ప్రెజెంటేషన్, పీడీ-1 మీదే. ఆదివారం ఫోన్ చెయ్, మొత్తం నీకు వినిపిస్తాను. మధ్యలో నిద్రపోతే ఊరుకోను.

నీ
ఫైనలియర్ బాధితుడు