చరిత్ర-కవిత్వ బృందం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి ఏడాది పనుల నివేదిక చదవాలన్నది మన నియమం కాబట్టి ఇది రాస్తున్నాను. దాంతోపాటు, ఆఫీసు పని ముగించుకుని రాత్రుళ్లు కూర్చుని టైపు చేసిన వాళ్ల కష్టం, వారాంతాలు వదులుకున్న వాళ్ల కష్టం ఎక్కడో ఒకచోట కాగితం మీదకెక్కాలని కూడా నా కోరిక.

నెలవారీ కూటములు ఈసారి కాలిఫోర్నియాలోని మన ఫోల్సమ్ ఊరి చుట్టూనే తిరిగాయి. 1856లో శాక్రమెంటో నుంచి ఇక్కడిదాకా వేసిన 22 మైళ్ల రైలుమార్గం గురించి, దాని ఇంజినీరు థియోడోర్ జూడా గురించి ఒక ప్రసంగం జరిగింది. 1895 జులైలో ఇక్కడి పవర్‌హౌస్ నుంచి శాక్రమెంటోకు కరెంటు పంపిన కథను మన పిల్లలే చిన్న నాటకంగా వేశారు. తీగలు పట్టుకుని స్టేజి మీద పరుగెత్తిన ఆ బుడతలకు, వాళ్లకు బట్టలు కుట్టిన అమ్మమ్మలకు ప్రత్యేక ధన్యవాదాలు.

ఇక ఈ ఏడాదికి మనం గర్వంగా చెప్పుకోవలసింది అక్టోబరులో చేసిన గ్రాస్ వ్యాలీ యాత్ర. ఆబర్న్ మీదుగా 49వ రోడ్డు పట్టుకుని కొండలెక్కి వెళ్లాం. 1850 నుంచి 1956 దాకా బంగారం తవ్విన ఎంపైర్ మైన్ చూశాం. భూమిలోపల 367 మైళ్ల సొరంగాలున్నాయంటే మనలో సగంమంది నమ్మలేదు. ఆ గనుల్లో పనిచేయడానికి ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన పేస్టీలు ఆ ఊళ్లో ఇప్పటికీ అమ్ముతున్నారు. అంచులు మడిచి నొక్కిన తీరు అచ్చం మన కజ్జికాయే, లోపల మాత్రం బంగాళదుంప, మాంసం. శాకాహారులకు వేరేగా కనుక్కుని తెచ్చిపెట్టిన సభ్యురాలికి దండాలు.

మేం వెళ్లింది అసలు కవి జాన్ రోలిన్ రిడ్జ్ కోసం. చెరోకీ అనే అమెరికా ఆదివాసీ తెగ మనిషి, 1827లో పుట్టాడు. చెరోకీల భూములు అమెరికా ప్రభుత్వానికి అప్పగించిన 1835 ఒప్పందం మీద వాళ్ల నాన్న సంతకం పెట్టాడు, అందుకు 1839లో సొంత తెగవాళ్లే వచ్చి ఆయన్ను ఇంటి ముందే చంపేశారు. పన్నెండేళ్ల పిల్లాడు కళ్లారా చూశాడు. 1850లో బంగారం కోసం కాలిఫోర్నియా వచ్చి, తవ్వకం తనవల్ల కాదని తెలుసుకుని పత్రికల్లోకి వెళ్లాడు. 1857లో శాక్రమెంటో బీ పత్రిక మొదలైనప్పుడు తొలి సంపాదకుడు ఆయనే! 1854లో వాకీన్ మురియెటా అనే మెక్సికన్ బందిపోటు కథను నవలగా రాశాడు, దాన్ని 1859లో ఒక పత్రిక దొంగిలించి మార్చి అచ్చేసుకుంది. 1850లో విదేశీ గని కార్మికుల మీద నెలకు 20 డాలర్ల పన్ను వేసిన రోజులవి. మెక్సికన్ల కోపం ఎక్కడినుంచి వచ్చిందో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది, వీసా కాగితాలు పట్టుకుని ఈ దేశానికి వచ్చిన మనకు అది మరీ తొందరగా అర్థమైంది.

రిడ్జ్ 1867లో గ్రాస్ వ్యాలీలోనే పోయాడు. మరుసటి ఏడు భార్య ఆయన కవితలు పుస్తకంగా వేయించింది. అందులోని శాస్తా పర్వతం కవితను మన అనువాద ఉపసంఘం తెలుగు చేసింది. గాలికి ఎగరకుండా అట్టకు క్లిప్పులు పెట్టి, ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు, పెద్దవాళ్లకు కనబడేలా లావు అక్షరాలతో తెచ్చుకున్నాం. శ్మశానంలో ఆయన సమాధి దగ్గర నిలబడి మన పెద్దాయన ఒకరు చదివారు. కింది కొండలన్నిటి మీద ఒంటరిగా, చలించకుండా, చల్లగా నిలిచిన ఆ పర్వతాన్ని ఆయన గొంతులో వింటుంటే ఎవరూ ఫోన్ తీయలేదు. నా మటుకు నాకు ఈ బృందం పెట్టినందుకు ఫలం ఆరోజే దక్కింది.

రిడ్జ్ లింకన్‌ను వ్యతిరేకిస్తూ రాశాడని, ఇక్కడి ఆదివాసుల గురించి చిన్నచూపుతో రాశాడని ఇద్దరు సభ్యులు గట్టిగా అడిగారు. నిజమే. అందుకే మనం వేయబోయే రిడ్జ్ అనువాదాల పుస్తకం ముందుమాటలో ఆ సంగతి దాచకుండా రాస్తున్నాం. కవితలు మాత్రం చదవాల్సిందే.

జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు అందరికీ పంపారు. బస్సు అద్దె, ముద్రణే పెద్ద ఖర్చులు. చందాలు బాకీ ఉన్నవాళ్లు దయచేసి ఇచ్చేయండి.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. వాట్సాప్‌లో బొటనవేలు పెట్టినవాళ్లంతా వచ్చి ఉంటే యాత్ర రోజు కుర్చీలు మోయడానికి ఆ పెద్దాయనే వంగాల్సి వచ్చేది కాదు. రానివాళ్లు రాలేమని ముందే చెబితే వేరేవాళ్లను అడుక్కునేవాళ్లం కదా! ఇక తెలుగు సమాచార పత్రాలు పెట్టుకోనివ్వమని మనం రాసిన ఉత్తరాలకు ఒక కార్యాలయం నుంచి ఇప్పటిదాకా జవాబు లేదు. ఫోన్ చేస్తే ఇంకో విభాగం అంటారు, ఆ విభాగం మళ్లీ మొదటివాళ్ల దగ్గరికే పంపుతుంది. వదలం, మళ్లీ రాస్తాం.

మీటింగులకు గది ఇచ్చిన లైబ్రరీ సిబ్బందికి, కార్లిచ్చినవాళ్లకు, పులిహోర వండిన ఇళ్లకు, ఫోటోలు తీసినవాళ్లకు, తప్పులు దిద్దిన మాస్టారికి పేరుపేరునా కృతజ్ఞతలు. రిడ్జ్ అనువాదాల పుస్తకానికి ప్రూఫులు చూడటానికి ఇంకా ఇద్దరు కావాలి. ఈ సమావేశం ముగిసేలోగా నాకు పేర్లివ్వండి, వచ్చే ఆదివారమే కాగితాలు మీ ఇంటికి తెచ్చిస్తాను.

మీ కార్యదర్శి